సోషల్ మాస్టారికి సులువైన ఉపాయాలు

చరిత్రలో గొప్పవాళ్ళ గురించి, మరుగునపడ్డవాళ్ళ గురించి పిల్లలకు చెప్పండని ఈమధ్య ట్రైనింగులకు వెళ్ళినప్పుడల్లా చెవిలో పోరుతున్నారు. కంగారు పడకండి మాస్టారూ. గొప్పవాళ్ళకు జయంతులున్నాయి, ఆ రోజు దండ వేస్తే సరిపోతుంది. మరుగునపడ్డవాళ్ళ పని ఇంకా తేలిక. చెప్పకపోయినా ఎవరూ అడగరు. అయినా సిలబస్‌లో పెట్టారు కాబట్టి, పిల్లల బుర్రకు ఏ చలనమూ కలగకుండా పీరియడ్ గడిపే ఉపాయాలు కొన్ని మనవి చేస్తాను.

అన్నిటికన్నా ముందు వేషం. అల్లూరి సీతారామరాజు పాఠానికి కావలసినవి కాషాయం పంచె, వెదురు విల్లు, గమ్‌తో అంటించిన గడ్డం. గడ్డం ఊడేలోగా మైకు ముందు రెండు డైలాగులు చెప్పిస్తే పాఠం అయినట్టే. అవి 1974 నాటి కృష్ణ సినిమాలోవైతే తల్లిదండ్రులు కూడా చప్పట్లు కొడతారు. 1882 అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డం పడిందనీ, గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు మన్యం జనాన్ని రోడ్డు పనికి తోలి కూలి సరిగా ఇవ్వలేదనీ పుస్తకంలో ఎక్కడైనా కనిపిస్తే, ఆ పేరా దాటేసి పేజీ తిప్పండి. కూలి బాకీ పెడితే తిరుగుబాటు దాకా వెళుతుందని తెలిసిన పిల్లాడు, వాళ్ళమ్మకు ఉపాధి హామీ డబ్బులు ఎప్పుడు పడతాయని ఆరా తీస్తాడు. విల్లు పట్టుకున్నవాడికి ఈ లెక్కలెందుకు? చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి అని దాడి జరిగిన మూడు పోలీసు స్టేషన్ల పేర్లు వరుసగా అప్పజెప్పించండి. ఆగస్టు 1922 అని చివర తగిలించండి. చాలు.

రామరాజు వెంట నడిచిన గాము గంటందొర, మల్లుదొర వేషాలు మాత్రం పెట్టించకండి. వాళ్ళ డ్రస్సు ఏమిటో అద్దె షాపువాడికి కూడా తెలియదు. పైగా మల్లుదొర కథ మహా ఇబ్బంది. రామరాజు 1924లో ప్రాణాలిచ్చాడు, పాఠం అక్కడ శుభ్రంగా ముగిసింది. ఈయన అలా చేయలేదు. అండమాన్ జైలుకు వెళ్ళాడు, బతికి తిరిగొచ్చాడు, అక్కడితోనైనా ఆగకుండా 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. పోలీసు స్టేషన్ల మీద పడ్డ మనిషి పార్లమెంటులో ఎలా కూర్చున్నాడని ఎవడైనా అడిగితే మీకు ఇంకో రెండు పీరియడ్లు ఖర్చు. వీరుడన్నవాడు పాఠం ఆఖరి పేరాలో చనిపోవాలి. అలా చనిపోనివాళ్ళ జోలికి వెళ్ళకండి.

ఇక ఆడవాళ్ళ సంగతి. చుట్టరికంతో మొదలుపెట్టి చుట్టరికంతోనే ముగించండి. భండారు అచ్చమాంబ ఎవరు? కొమర్రాజు లక్ష్మణరావుగారి అక్క. ఒక మార్కు. అంతకుమించి తవ్వితే మీ పరువుకే ముప్పు. బడి మొహం చూడకుండానే చదువు నేర్చుకుని, ఎక్కడెక్కడి స్త్రీల జీవితాలో పోగుచేసి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిందని చెప్పాల్సి వస్తుంది. అంటే ఇప్పుడు మనకు ట్రైనింగులు పెట్టి చేయమంటున్న పనిని ఆవిడ నూరేళ్ళ పైచిలుకు కిందటే టీఏ, డీఏ లేకుండా చేసిపెట్టింది. 1905లో పోయేనాటికి ముప్ఫయ్యేళ్ళే. మనలో చాలామందికి ఆ వయసుకి పోస్టింగ్ కూడా రాలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆవిడ ‘ధనత్రయోదశి’ కథ 1902లో అచ్చయింది. తొలి తెలుగు కథ ఏదన్న బిట్టుకు మనం రాయిస్తున్న జవాబు గురజాడవారి ‘దిద్దుబాటు’, 1910. ఏది ముందో మూడో తరగతి పిల్ల కూడా చెప్పగలదు. ఆధునిక కథకు ఉండాల్సిన లక్షణాలు ఏవి, ఏ కథలో ఎన్ని ఉన్నాయి అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన క్లాసులో పెట్టారంటే చరిత్రలో తేలని సంగతులు కూడా ఉంటాయని పిల్లలకు తెలిసిపోతుంది. రేపటి నుంచి మీరు చెప్పే ప్రతి దానికీ ‘ఎవరన్నారు సార్?’ అంటారు. గైడులో ఉన్నదే ఖాయం చేయండి.

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను రాజ్యాంగ సభ సభ్యురాలు అని ఒక్క ముక్కలో తేల్చేయండి. 1923 కాకినాడ కాంగ్రెసు సభల్లో, పద్నాలుగేళ్ళ పిల్లగా ఎగ్జిబిషన్ గేటు దగ్గర వలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపిందన్న కథ ఎంత ఊరించినా చెప్పకండి. మీ క్లాసులో ఉన్నదీ పద్నాలుగేళ్ళవాళ్ళే. రేపు కరస్పాండెంటుగారి బండిని గేటు దగ్గర ఆపితే జవాబు చెప్పుకోవాల్సింది మీరు.

యల్లాప్రగడ సుబ్బారావుగారిని మాత్రం ‘మరుగునపడిన శాస్త్రవేత్త’ అని తప్పకుండా పిలవాలి. జనవరి 12న అలా పిలిచి, 13న మళ్ళీ మరుగున పెట్టేయాలి. ఆయన పుట్టిన 12నే వివేకానంద జయంతి కూడా కాబట్టి రెండో ఫొటో కొనే ఖర్చు కూడా తగ్గించుకోవచ్చు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడన్నది స్కూలు గోడ దాటి లోపలికి రాకూడదు. గేటు మీద ర్యాంకర్ల ఫ్లెక్సీ కట్టి, లోపల ఈ మాట చెబితే అడ్మిషన్లు ఏమైపోవాలి? ఇంకో జాగ్రత్త. ఆరోగ్య శాఖవాళ్ళు బోదకాలు రాకుండా డీఈసీ మాత్రలు మింగించే రోజు ఒకటి వస్తుంది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఈయన నడిపించిన బృందమే ఆ మందును కనిపెట్టింది. అరచేతిలో మాత్ర, ఎదురుగా మాస్టారు, చెప్పడానికి భీమవరంలో పుట్టిన మనిషి కథ. మూడూ ఒకచోట కలిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు. అందుకని ఆ రోజు సివిక్స్ చెప్పండి.

చాకలి ఐలమ్మ పాఠంలో విసునూరు దేశ్‌ముఖ్ అన్న మాట వస్తుంది. ‘ఒక భూస్వామి’ అని చదవండి. ఏ ఊరు, ఎవరి పొలం, కోతకొచ్చిన పంట మీదికి ఎవరు మనుషుల్ని పంపారు, సంఘం వాళ్ళు వచ్చి ఎలా అడ్డుకున్నారు అన్నవి వివరాలు. వివరాలు చెబితే అన్యాయం ఎవరో ఒకరు చేస్తేనే జరుగుతుందని పిల్లలు పసిగడతారు. ‘ఆమె ధైర్యసాహసాలకు ప్రతీక’ అనండి. ఆ వాక్యం ఎవరికైనా సరిపోతుంది, ఝాన్సీ లక్ష్మీబాయికి రాసిన నోట్సులోంచే తీసుకోవచ్చు.

ప్రాజెక్టు వర్కు ఇవ్వక తప్పకపోతే ఇంటర్నెట్ సెంటర్‌లో ఫొటో ప్రింటు తీయించి చార్టుకు అంటించమనండి. మీ నాయనమ్మను అడిగి రాసుకు రండి, ఊరి చెరువుకు ఆ పేరెందుకొచ్చిందో కనుక్కోండి అని మాత్రం పొరపాటున కూడా అనకండి. అడుగుతారు. రాసుకొస్తారు. దాన్ని దిద్దడానికి కీ ఎక్కడుంది?

పరీక్షలో ‘మరుగునపడిన మహనీయులలో ఎవరైనా ఇద్దరిని గురించి రాయుము’ అని ఐదు మార్కులకు ఇవ్వండి. ముందురోజే గైడులో ఇద్దరికి టిక్కు పెట్టించండి. నలభైమందీ ఆ ఇద్దరినే, అవే వాక్యాల్లో రాస్తారు. మొదటి పేపరు చదివితే చాలు, మిగతా ముప్ఫైతొమ్మిదికీ మార్కులు బస్సులో వేసుకోవచ్చు.