షావోలిన్, వయా రావులపాలెం

షావోలిన్ మఠం ఎక్కడో చైనాలో, హెనాన్ రాష్ట్రంలో ఉందనుకునేవాళ్ళు ఒక్కసారి రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దిగి, కొత్తపేట మీదుగా అమలాపురం దాకా కరెంటు స్తంభాలు చదువుకుంటూ రండి. ఇంగ్లీషు మీడియం ఫ్లెక్సీకీ సంతాన సాఫల్య కేంద్రం ఫ్లెక్సీకీ మధ్య, నల్ల డ్రెస్సు వేసుకున్న మాస్టారొకరు గాల్లో తేలుతూ కనిపిస్తారు. వెనకాల నిప్పులు కక్కే డ్రాగను. ఓ పక్క బ్రూస్ లీ, ఇంకో పక్క స్థానిక నాయకులు. బ్రూస్ లీ బొమ్మ కంటే నాయకుడి బొమ్మ రెండింతలు పెద్దది. గురుపరంపరలో ఎవరి స్థానం ఎక్కడో మాస్టారికి తెలియదనుకున్నారా? పేరుకి ముందు గ్రాండ్ మాస్టర్, దానికీ ముందు డాక్టర్. అడుగున ఎర్ర అక్షరాల్లో అసలు సంగతి: వేసవి ప్రత్యేకం, అన్నదమ్ములిద్దరూ చేరితే రెండోవాడికి సగం ఫీజే.

వేల ఏళ్ళ ప్రాచీన విద్య ఇలా సగం ధరకి దొరకడం కోనసీమ చేసుకున్న పుణ్యం.

బడి పెట్టడానికి ఏం కావాలో కూడా చెప్పుకుందాం. రేవులో పడవ నడపాలంటే వేలంపాటలో పాడుకోవాలి. బజ్జీల బండి పెట్టినా ఎవరో ఒకరు వచ్చి కాగితం అడుగుతారు. గ్రాండ్ మాస్టర్ని మాత్రం ‘మీ కాగితం ఏదండీ’ అని అడిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. అడిగినా ఆయనకి భయం లేదు. గోడ నిండా కాగితాలే. ప్రపంచ రికార్డు కాగితం, ఇంకో ప్రపంచ రికార్డు కాగితం, నిమిషంలో ఇన్ని గుద్దులని ఒకటి, మేకుల మీద పడుకుని ఇన్ని బండలని ఇంకొకటి. ప్రపంచం అంత తీరిగ్గా ఉండి మన మండలం దాకా వచ్చి లెక్కపెట్టి వెళ్ళిందంటే సంతోషించాలి గాని సందేహించకూడదు.

ఓ ఆదివారం పొద్దున్న కల్యాణ మండపంలో బెల్టు పరీక్ష చూశాను. రాత్రి పెళ్ళి తాలూకు బంతిపూల దండలు ఇంకా స్తంభాలకే ఉన్నాయి. పెళ్ళికొడుకు లేచి వెళ్ళిన సింహాసనం కుర్చీలో ముఖ్య అతిథి కూర్చున్నారు. పిలిచిన పిల్లాడికి ఏడేళ్ళుంటాయేమో, నడుముకి రెండు చుట్లు తిప్పి ముడేసినా బెల్టు కొసలు మోకాళ్ళు దాటి ఊగుతున్నాయి. ఇద్దరు సీనియర్లు ఎదురుగా చెక్క పట్టుకున్నారు. చెక్క అనడం మన మర్యాద. ఆత్రేయపురం పూతరేకుకి తమ్ముడి వరస. పిల్లాడు ‘హా’ అని అరిచి కొట్టాడు, విరగలేదు. మళ్ళీ అరిచాడు, మళ్ళీ విరగలేదు. మూడోసారి వాడి చెయ్యి ఇంకా దారిలో ఉండగానే, పట్టుకున్న కుర్రాడు బొటనవేళ్ళతో పని కానిచ్చేశాడు. చప్పట్లు, ఈలలు. ‘మాస్టారూ, వీడియో పడలేదండీ, ఇంకోసారి కొట్టించరా’ అని తల్లి బతిమాలింది. ‘కొట్టిద్దామమ్మా, చెక్కకి మాత్రం వేరే కట్టాలి’ అన్నారు మాస్టారు.

ఆ పొద్దున నలభై మంది పరీక్షకి కూర్చుంటే నలభై మందీ పాసయ్యారు. అంత ఉత్తీర్ణతా శాతం కార్పొరేట్ కాలేజీలు కూడా ఫ్లెక్సీ మీద వేసుకోడానికి జంకుతాయి. ఫెయిలైతే ఏమవుతుందని ఓ సీనియర్ని అడిగాను. వాడికి ప్రశ్న అర్థం కాలేదు పాపం. ఫీజు కట్టాక ఫెయిలవడమేమిటని ఎదురు ప్రశ్న వేశాడు. ఆ లెక్కన పసుపు, నారింజ, పచ్చ, నీలం, ఊదా, గోధుమ, నలుపు. రంగుకో పరీక్ష, పరీక్షకో ఫీజు. అవి చాలకపోతే పచ్చ మీద నల్ల గీత, నీలం మీద ఎర్ర గీత. ఇంద్రధనుస్సుకి ఏడు రంగులతో ఆపేసిన దేవుడికి వ్యాపారం తెలియదు.

ఇక్కడో చిన్న చిక్కుంది. పాత చైనా కుంగ్‌ఫూలో ఈ రంగు బెల్టులే లేవు. నల్లబెల్టు 1880ల్లో జపాన్‌లో, జూడో గురువు జిగోరో కానో బడిలో మొదలైంది. ఒకినావా నుంచి వచ్చిన ఫునాకోషి ఆ పద్ధతిని 1924లో కరాటేకి తెచ్చుకున్నాడు. మధ్యలో ఈ రంగులన్నీ యూరప్‌లో పుట్టినవి. 1930ల్లో పారిస్‌లో కవాయిషి అనే జూడో గురువు వాటిని బాగా వాడుకలోకి తెచ్చాడు. అంటే జపాన్ నడుముకి ఫ్రాన్సు రంగులద్ది, చైనా పేరు పెట్టి, అమలాపురంలో అమ్ముతున్నారు. ఇంత అంతర్జాతీయ సరుకుని పట్టుకుని ‘ఇంటర్నేషనల్ అకాడమీ అని బోర్డెలా పెట్టారు’ అని నిలదీసేవాళ్ళకి బుద్ధి లేదంటాను.

చైనా పేరు కూడా మాస్టారు ఊరికే పెట్టలేదు. ‘కుంగ్‌ఫూ కనిపెట్టింది మన బోధిధర్ముడే, చైనావాడు మన దగ్గర నేర్చుకుని మనకే అమ్ముతున్నాడు’ అని ప్రతి బెల్టు పరీక్షలోనూ ముఖ్య అతిథి ఆవేశపడతారు. 2011లో సూర్య సినిమా ‘సెవెన్త్ సెన్స్’ వచ్చిన దగ్గర్నుంచి ఈ ఆవేశానికి రీలు కూడా దొరికింది. బోధిధర్ముడు చైనాలో తిరిగాడని చెప్పే కాలం అయిదో శతాబ్దమో ఆరో శతాబ్దమో. ఆయనకీ షావోలిన్ వ్యాయామాలకీ ముడిపెట్టిన ‘యీజిన్ జింగ్’ అనే పుస్తకం 17వ శతాబ్దానిది. దానికి ముందుమాట మాత్రం ఏడో శతాబ్దపు సేనాపతి ఒకాయన 628లో రాసినట్టు పెట్టారు; అది దొంగ ముందుమాటని పండితులు ఎప్పుడో తేల్చేశారు. వెయ్యేళ్ళు వెనక్కి తేదీ వేసిన కాగితమన్నమాట. పోయిన ఏడాది తేదీతో సర్టిఫికెట్టు కావాలని వచ్చిన ఇంటర్ కుర్రాడికి మన మాస్టారు రాసిచ్చేది కూడా ఆ సంప్రదాయంలోదే. దాన్ని తప్పంటే షావోలిన్‌నే తప్పుపట్టాలి.

అందుకే మన మాస్టార్లని నకిలీలంటే నేను ఒప్పుకోను. అసలు మఠానికి వీళ్ళంత నమ్మకమైన శిష్యులు ఇంకెవరున్నారు? 1982లో జెట్ లీ ‘షావోలిన్ టెంపుల్’ సినిమా ఆడింది. ఆ దెబ్బతో మఠం ముందు జనం, మఠం ఉన్న డెంగ్‌ఫెంగ్ ఊరి నిండా కుంగ్‌ఫూ బళ్ళు, వాటిలో వేలకి వేలు పిల్లలు. 1998లో మఠం పేరుని కాపాడుకోడానికని మఠమే ఓ కంపెనీ పెట్టుకుంది. మరుసటేడు షి యోంగ్‌షిన్ గారు మఠాధిపతి అయ్యారు. పత్రికలు ఆయనకి పెట్టిన పేరు ‘సీఈఓ సన్యాసి’. 2011 నాటికి విదేశాల్లో తమకి నలభైకి పైగా కంపెనీలున్నాయని ఆయనే చెప్పుకున్నారు. 2015లో ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని షోల్‌హేవెన్ దగ్గర భూమికి చెక్కు కట్టారు. అక్కడ రావలసినవి ఒక గుడి, ఒక కుంగ్‌ఫూ అకాడమీ, ఒక హోటలు, ఒక గోల్ఫ్ మైదానం. ధ్యానానికి గోల్ఫ్ అవసరమని బోధిధర్ముడికి తొమ్మిదేళ్ళు గోడ చూస్తూ కూర్చున్నా తోచలేదు.

2025 జూలైలో ఆయన కథ అడ్డం తిరిగింది. మఠం నిధులూ ఆస్తులూ కాజేశారనీ, ఆడవాళ్ళతో సంబంధాలు పెట్టుకుని సంతానం కూడా కన్నారనీ ఆరోపణలతో విచారణ మొదలైంది. బౌద్ధ సంఘం ఆయన సన్యాస పత్రాన్ని రద్దు చేసింది. కుంగ్‌ఫూ లోకంలో ఒకసారి ఇచ్చిన సర్టిఫికెట్టుని వెనక్కి తీసుకున్న సంఘటన నాకు తెలిసి అదొక్కటే. మన వైపు అంత కఠినంగా ఉండరు, డూప్లికేట్ ఇస్తారు.

ఫ్లెక్సీ మీదున్న బ్రూస్ లీ గారి వ్యవహారమే మాస్టారికి కాస్త ఇబ్బంది. ఆయనా అమెరికాలో బడి పెట్టినవాడే, 1963లో సియాటిల్‌లో. ‘గ్రీన్ హార్నెట్’ టీవీ సీరియల్‌తో పేరొచ్చాక, ఆ పేరు మీద దేశమంతా బళ్ళు తెరుద్దామని వ్యాపారులు డబ్బుతో వచ్చారు. నేర్పేవాడు ఎలాంటివాడో తెలియకుండా తన పేరు తగిలించనని ఒప్పుకోలేదు. 1970లో ఉన్న బళ్ళు కూడా మూయించేశాడు. ఇలాంటి వ్యాపారదక్షత లేని మనిషి బొమ్మ ఫ్లెక్సీ మీద ఎందుకో నాకు అర్థం కాదు. నాయకుడి బొమ్మ ఇంకాస్త పెంచితే ఆ ఖాళీ సరిపోతుంది కదా.

ఆయన వదిలేసిన వ్యాపారాన్ని అమెరికా వదల్లేదు. అక్కడ మూడేళ్ళ ఒప్పందం, నెలనెలా కార్డులోంచి కోత, బ్లాక్ బెల్ట్ క్లబ్బు. స్కూలు నుంచి పిల్లల్ని తెచ్చేది వాళ్ళ వ్యానే, పుట్టినరోజు పార్టీ వాళ్ళ హాల్లోనే, కేకు కోసేది కత్తితోనే. ఫ్రిస్కోలో, ఎడిసన్‌లో మనవాళ్ళ ఇళ్ళలో హోంవర్కుకీ కూచిపూడికీ మధ్య గంట ఖాళీ దొరికితే దాంట్లో కరాటేయో కుంగ్‌ఫూయో ఉంటుంది. మొన్న సంక్రాంతికి ప్రభల తీర్థం చూడ్డానికి కొత్తపేట వచ్చిన తొమ్మిదేళ్ళ బ్లాక్ బెల్టుని చూశాను. చావడిలో చుట్టాలందరి ముందూ ఆడించారు. ఎగిరి తన్నాడు, తిరిగి తన్నాడు, వంగి నమస్కారం పెట్టాడు. తర్వాత పెరట్లోకెళ్తే తాతగారి డేగ పుంజు మెడ ఈకలు నిక్కించి రెండడుగులు ముందుకేసింది. బ్లాక్ బెల్టు వంటింటి అటక మీద తేలాడు. పుంజుది ఎన్నో డాన్ బెల్టో ఎవరూ అడగలేదు.

పెద్దవాళ్ళ పరిస్థితీ అంతే లెండి. 2017లో చెంగ్డూలో ఒక తాయ్‌చీ మాస్టారు షూ షియావ్‌డాంగ్ అనే ఫైటర్ ముందు నిలబడ్డారు. పది, ఇరవై సెకన్లలో నేలమీద ఉన్నారు. 2020లో మా బావ్‌గువో అనే ఇంకో పెద్దాయన ముప్ఫై సెకన్లలో మూడుసార్లు పడి, మూడోసారి లేవలేదు. ఇంత జరిగితే బుద్ధి ఎవరికి చెప్పారు? చైనా వూషూ సంఘం ఆ పోటీలు మా నీతికి విరుద్ధమంది, చెంగ్డూలో ఓడించిన షూ గారి సోషల్ మీడియా ఖాతాలు మాయమయ్యాయి. మన మాస్టార్లు ఆ తెలివి ముందే చూపిస్తున్నారు. అసలు ఎదురుగా ఇంకో మనిషిని పెట్టరు. పెంకులు పెడతారు. పెంకుకీ పెంకుకీ మధ్య చిన్న చెక్కముక్కలుంటాయి చూడండి, అలంకారానికి కాదు. సందు ఉంటే ఒక్కొక్కటే విరుగుతుంది, అతికి ఉంటే చెయ్యే విరుగుతుంది. ట్యూబులైట్లు పెడతారు, పొట్ట మీంచి బైకులు పోనిస్తారు. పెంకు తిరిగి కొట్టదు. బైకు తప్పించుకుని వెనక నుంచి రాదు. రాజోలు బస్టాండులో ఆడపిల్ల వెంటపడే వెధవ ఈ రెండు రకాల్లోనూ లేడు. ప్రభుత్వ బళ్ళలో ఆడపిల్లలకి రాణి లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది, బడికి నెలకి 5000 రూపాయల లెక్కన. ఆ పాఠానికి రంగూ లేదు, ఫ్లెక్సీ లేదు. అందుకే దాని గురించి చుట్టాలకి చెప్పుకోవడం కష్టం.

ఇక పతకాలు. ‘మా వాడికి ఇంటర్నేషనల్ గోల్డ్ వచ్చిందండీ’ అని ప్రసాదం పంచేవాళ్ళు అమలాపురంలో వీధికిద్దరు. పోటీ ఓ ఫంక్షన్ హాల్లో. వయసుకో విభాగం, బరువుకో విభాగం, బెల్టు రంగుకో విభాగం చేసి ముగ్గురు ముగ్గురుగా విడదీస్తారు. ముగ్గురికీ మూడు పతకాలు. ముమ్మిడివరం కుర్రాడు పి.గన్నవరం కుర్రాణ్ణి ఓడించడం అంతర్జాతీయం ఎలా అయిందని మీరడగొచ్చు. వేదిక మీద నేపాలీ అతిథి ఉన్నారు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 2023లో మణిపూర్ అమ్మాయి రోషిబినా దేవి వూషూ ఫైనల్లో చైనా అమ్మాయితో నిజంగా తలపడి, నిజంగా ఓడి, వెండి పతకం తెచ్చింది. పాపం, మన ఫంక్షన్ హాలుకి వచ్చి ఉంటే బంగారమే. ఇదంతా ఏ సంఘం చూడాలంటారా? కరాటేకి ఏళ్ళ తరబడి దేశానికి పెద్దదిక్కుగా ఉన్న సంఘానికే 2020లో ప్రపంచ సమాఖ్య గుర్తింపు తీసేసింది. పెద్దదిక్కు గతి అదైతే మన దిక్కుకి వచ్చి చూసేదెవరు?

ఇంత జరుగుతున్న అమలాపురంలోనే ఒక తెలివితక్కువ వ్యవహారం కూడా నడుస్తోంది. కొంకాపల్లి, మహిపాల వీధి వైపు దసరాకి చెడీ తాలింఖానా అని ఒకటుంది. బ్రిటిష్‌వాళ్ళ నాటి నుంచీ వస్తోంది. కర్రలు తిప్పుతారు, కత్తులు తిప్పుతారు, కళ్ళకి గంతలు కట్టుకుని మనిషి ఒంటి మీద పెట్టిన కొబ్బరికాయని ఒక్క వేటుతో నరుకుతారు. కాయ రెండు ముక్కలవుతుంది, మనిషి ఒక్క ముక్కగానే లేచి చొక్కా తొడుక్కుంటాడు. తండ్రి నుంచి కొడుక్కి, మావయ్య నుంచి మేనల్లుడికి వస్తుంది. ఫ్రాంచైజీ లేదు, యూనిఫారం లేదు, వేసవి ఆఫర్ లేదు. వాహనాల ఊరేగింపు ముందు రాత్రంతా ఆడి, తెల్లారి ఎవరి పనికి వాళ్ళు పోతారు. ఇన్ని తరాల నుంచి చేస్తూ ఒక్కడంటే ఒక్కడు గ్రాండ్ మాస్టర్ కాలేదంటే ఎంత అసమర్థత!

పోయిన దసరాకి నా పక్కన ఓ తండ్రి, ఆయన భుజాల మీద ఊదా బెల్టు కొడుకు. వాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆట ఆగినప్పుడు ఆయన కత్తి పట్టిన పెద్దాయన దగ్గరికి వెళ్ళి అడిగాడు:

‘బాబాయ్ గారూ, ఇది నేర్చుకుంటే స్పోర్ట్స్ కోటా ఏవన్నా ఉంటుందా అండీ?’

‘లేదండి.’

‘పోనీ సర్టిఫికెట్టన్నా ఇస్తారా?’

‘ఆయ్, ఎందుకివ్వమండీ’ అంటూ పెద్దాయన గంత మళ్ళీ బిగించుకుని, కొబ్బరికాయ కోసం చెయ్యి చాపాడు. ‘బాబుని దింపేసి మీరిలా పడుకోండి.’