ఒంగోలు ఆవు తోక కథ

ఈ కథ ఒక ఒంగోలు ఆవు తోకది. పశువు తోకలో సాధారణంగా 18 నుంచి 20 ఎముకలుంటాయి. మొదట్లో లావుగా ఉండి, పోనుపోను చిటికెన వేలంత సన్నబడతాయి. వాటిని దాటి వేలాడేది వెంట్రుకల కుచ్చు. ఎక్కువగా తెల్లగా ఉండే ఒంగోలు జాతిలో కుచ్చు మాత్రం నలుపు. ఎముకల కింద నడిమధ్యన ఒక ధమని సాగుతుంది. పశువైద్యులు నాడి చూసేది అక్కడే.

తోకకు ఈగలు తోలడం ఒక్కటే పని అనుకునేవారు ఎదకొచ్చిన ఆవును దగ్గరగా చూసి ఉండరు. అప్పుడు ఈ తోక మాటిమాటికీ పైకి లేస్తుంది, పక్కకు తొలగుతుంది. ఆవు వేసిన తీగలు దీనికే అంటుకుని ఎండిపోతాయి. పొద్దున్నే పాలు పితకడానికి వచ్చిన ఇల్లాలు ఆ అంటును చూసే, కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రకు కబురు పెట్టించింది.

దెబ్బ తగిలింది కూడా ఆ రోజే. ఆవు బోనులోకి పోనని మొరాయిస్తే, వెనకనున్న మనిషి తోకను మెలిపెట్టి ముందుకు తోశాడు. ఎముకలు చిన్నవి, కీళ్ళను పట్టి ఉంచే కండరాలు పలచనివి. నాలుగో ఎముక దగ్గర పటుక్కుమంది. కాసేపటికే అక్కడ వాచి వేడెక్కింది, చెయ్యి వేస్తే ఆవు కాలు విసిరింది. పొలాల్లో, పందేల్లో ఎన్నో తోకలు ఇలాగే విరుగుతున్నాయి. ఎద్దుల తోకలు మెలిపెట్టడం, కొరకడం గురించి 2014లో జల్లికట్టు, ఎడ్లబండ్ల పందేలపై ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు కూడా ప్రస్తావించింది. పశువును కదిలించడానికి మేత చూపడం, ముందు మరో ఆవును నడపడం వంటి మార్గాలుండగా తోకమీద చెయ్యి వేయడం క్షమించరానిది.

విరిగిందెక్కడ అన్నదే అసలు ప్రశ్న. నడిమి ఎముక విరిగితే తోక వంకరపోతుంది, అంతకుమించి ప్రమాదం తక్కువ. తోక మొదట్లో విరిగినా, గట్టిగా గుంజినా త్రికం అనే వెన్ను ఎముక నుంచి వచ్చే నరాలు సాగి నలుగుతాయి. మూత్రాశయానికి, మలద్వారానికి వెళ్ళే నరాలు కూడా అవే. అప్పుడు తోక తాడులా వేలాడుతుంది, పేడ, మూత్రం దానికే అంటుకుంటాయి. ఆ మురికి గర్భాశయానికి చేటు. ఈత సమయంలో మరీను. సహజంగా దాటించేటప్పుడు తోక పక్కకు తొలగదు. బరువైన ఆబోతు దాటితే ఉన్న గాయం ముదురుతుంది. ఎదలో తోటి పశువులు ఎక్కినా ఇదే ముప్పు. అందుకే అలాంటి ఆవును మందనుంచి వేరుచేసి, గాయం మానాక కృత్రిమ గర్భధారణకే పెట్టడం మేలు.

ఈ తోకకు బద్దలు కట్టలేదు; అది మంచి పని. బిగుతు కట్టు రక్తాన్ని ఆపేసి కొసను చంపుతుంది. వైద్యుడు నొప్పికి మెలాక్సికామ్ ఇచ్చి, విశ్రాంతి చెప్పాడు. మరో నొప్పి మందు డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు వాడాక చచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు అంతరించే స్థితికి వచ్చాయి. తోలు చీలి ఉంటే వెంట్రుకలు కత్తిరించి, లేత గులాబీ రంగు పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళతో కడిగి, అయోడిన్ మందు రాసి, పురుగు పడకుండా చుట్టూ వేపనూనె పూస్తారు.

తోక కొస చల్లబడి, నల్లబడి, ఎండు బెరడులా మారితే అది చచ్చిన భాగం. బూజు పట్టిన వరిగడ్డి మేసిన గేదెల్లో తోకతోపాటు చెవులు, గిట్టల దగ్గర తోలు కూడా ఇలా కుళ్ళుతుంది. ముందు ఆ గడ్డి మాన్పించాలి. కుళ్ళు పైకి పాకుతుంటే కోయక తప్పదు. మొదటి రెండు తోక ఎముకల సందున లిగ్నోకేయిన్ ఎక్కించి మొద్దుబరచి, పైన పట్టీ బిగించి, బతికున్న భాగంలో కీలు దగ్గర కోస్తారు. ఎముకను కప్పేటంత తోలు మిగిల్చి కుట్టేస్తారు.

సంతలో వంకర తోక చూసి బేరం తగ్గించేవారుంటారు. దెబ్బవల్ల వచ్చిన వంకర దూడకు రాదు. కోడెదూడకు పుట్టుకతోనే వంకర ఉంటే మాత్రం దాన్ని విత్తనానికి ఉంచకపోవడమే మంచిది.

ఈ తోక నాలుగో ఎముక దగ్గర ముడి ఇప్పటికీ తగులుతుంది. కుచ్చు ఎడమ డొక్కకే అందుతుంది. కుడి వైపు వాలే ఈగల కోసం సాయంత్రం కొట్టంలో వేపాకు పొగ వేస్తారు.