న్యూరాన్ పాఠాన్ని విషాలతో మొదలుపెట్టండి

సైకాలజీలో కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పే సలహాలు తలకిందులుగా కనిపిస్తాయి. అయినా ఇలాగే చదవమంటాను.

ముందుగా, న్యూరాన్ బొమ్మ గీసి భాగాలు గుర్తించే పని పక్కన పెట్టండి. డెండ్రైట్, కణదేహం, ఆక్సాన్ అనే పేర్లు పరీక్ష ముందురోజు కూడా వచ్చేస్తాయి. కణం ఎలా పనిచేస్తుందో తెలియాలంటే అది ఎక్కడ ఆగిపోతుందో చూడాలి.

పన్ను పీకే ముందు డెంటిస్టు ఇచ్చే లిగ్నోకెయిన్ ఇంజెక్షన్‌నే తీసుకోండి. విశ్రాంతిగా ఉన్న న్యూరాన్ లోపలివైపు, బయటితో పోలిస్తే మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. ప్రేరణ తగిలి అది మైనస్ 55 దాకా వస్తే పొరలోని సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. సోడియం అయాన్లు లోపలికి చొరబడి అక్కడ ధనావేశం పెరుగుతుంది. ఆ మార్పుకే పక్క ద్వారాలూ తెరుచుకుంటాయి. ఆక్సాన్ పొడవునా ఇదే జరుగుతూ పోతుంది. లిగ్నోకెయిన్ ఆ ద్వారాలను పనిచేయనివ్వదు, అందుకే నొప్పి కబురు మెదడుకు చేరదు. మందు లేనప్పుడైతే, సోడియం లోపలికి వచ్చాక పొటాషియం బయటికి పోయి కణం మళ్లీ యథాస్థితికి వస్తుంది. స్క్విడ్ లావుపాటి ఆక్సాన్ మీద పనిచేసి హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు 1952లో దీనంతటికీ సమీకరణాలు ఇచ్చారు. వాటిని ఇప్పుడే చదవక్కర్లేదు.

రెండో సలహా ఇంకా విడ్డూరంగా ఉంటుంది: తప్పు సిద్ధాంతాన్ని కొన్నాళ్లు నమ్మండి. నాడీకణాలన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయిన అల్లిక అని గోల్జీ అనే శాస్త్రవేత్త నమ్మాడు. కాదు, విడివిడి కణాలేనన్నాడు మరో శాస్త్రవేత్త కహాల్. 1906లో నోబెల్ ఇద్దరికీ కలిపే ఇచ్చారు. మీరు గోల్జీ పక్షాన నిలబడి కట్లపాము కాటును వివరించడానికి ప్రయత్నించండి. కాటు దగ్గర వాపు పెద్దగా ఉండదు, కానీ రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, చివరికి ఊపిరి కండరాలు పడిపోతాయి. నరంలో సంకేతం నడుస్తూనే ఉంది, కండరానికి ముడుచుకునే శక్తీ ఉంది. తెగింది ఆ రెండింటి మధ్య దారి. ఆ సందులో కబురు మోసేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం. విషంలో కొన్ని పదార్థాలు నరం కొసను పాడుచేసి ఆ రసాయనం విడుదలను ఆపుతాయి, మరికొన్ని కండరం మీది గ్రాహకాలకు అతుక్కుంటాయి. అంతా ఒకే అల్లికైతే ఈ విషానికి అక్కడ పనేముంది? (గాటు చిన్నదే కదా అని ఇంట్లో కూర్చోబెట్టకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.)

పత్తి చేలలో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు దీనికి ఎదురు పని చేస్తుంది. పని ముగిసిన ఎసిటైల్‌కోలిన్‌ను విడగొట్టే ఎంజైమును అది కట్టేస్తుంది. రసాయనం పేరుకుపోయి చొంగ, చెమట ఆగవు, కండరాలు అదురుతాయి. కబురు అందాక అది చెరిగిపోవడం కూడా అవసరమని పుస్తకంలో ఒక్క వాక్యంగా దాటిపోయే సంగతి ఇక్కడ కళ్లకు కడుతుంది.

కబురు చెరిగే దారి విడగొట్టడం ఒక్కటే కాదు. మెదడులో కబురు మోసే సెరటోనిన్‌ను చాలావరకు విడుదల చేసిన కణమే వెనక్కి లాక్కుంటుంది. డిప్రెషన్‌కు ఎక్కువగా రాసే మందులు ఆ లాక్కోవడాన్ని మొదటి రోజుల్లోనే అడ్డుకుంటాయి. మనసు కుదుటపడటానికి మాత్రం సాధారణంగా వారాలు పడుతుంది. ‘సెరటోనిన్ తగ్గితే డిప్రెషన్’ అని జవాబు రాసి పేజీ తిప్పేయకండి. ఆ వారాల్లో ఏం జరుగుతోందని మీ లెక్చరర్‌ను క్లాసులోనే అడగండి.