ఐదో సీజనే నయం!

అమెరికా టీవీ సీరియల్ ‘ది వెస్ట్ వింగ్’ను మళ్లీ చూసేవాళ్లకు నాలుగు సీజన్ల దాకా ఢోకా లేదు. శ్వేతసౌధం నడవాల్లో అందరూ పరుగులాంటి నడకతో వాదించుకుంటారు, ఒక్కరికీ ఆయాసం రాదు. అధ్యక్షుడు బార్ట్‌లెట్ ఆర్థికశాస్త్రంలో నోబెల్ గ్రహీత (కల్పిత కథ అని అక్కడే తెలిసిపోవాలి!). కోపమొస్తే చర్చిలో దేవుణ్నే లాటిన్‌లో కడిగేసి, వెలిగించిన సిగరెట్‌ను అక్కడే బూటుతో నలిపేస్తాడు.

2003లో రచయిత ఆరన్ సోర్కిన్ తప్పుకున్నాడు. ఊరికే పోయాడా? అధ్యక్షుడి కూతుర్ని కిడ్నాప్ చేయించి, కుర్చీని ప్రతిపక్ష స్పీకర్‌కు అప్పగించి, కొంపకు నిప్పంటించి తాళంచెవి చేతిలో పెట్టినట్టు పోయాడు. తర్వాత ఐదో సీజన్‌కు వచ్చినవాళ్లకు నీళ్లు మోయడంతోనే సరిపోయింది. మాటల్లో పదును పోయింది, మొహాల్లో నవ్వూ పోయింది.

అదే ఐదో సీజన్లో బడ్జెట్ పేచీతో ప్రభుత్వం మూతపడితే, బార్ట్‌లెట్ కాంగ్రెస్ భవనం కాపిటల్ దాకా నడిచెళ్లాడు. ఎపిసోడ్ ముగిసేసరికి తాళాలు తెరుచుకున్నాయి. 2018-19లో అసలు ప్రభుత్వం 35 రోజులు మూతపడింది. ఐదో సీజన్ను ఈసడించుకున్న వీరాభిమానులు ఇప్పుడు మధ్యలో వార్తలు పెట్టి చూసి, కిక్కురుమనకుండా మళ్లీ దానికే తిరిగొస్తున్నారట.