బతికున్న రైలుకు సైకిల్ సంతాపం

మన నగరాల్లో ఈ మధ్య ఒక కొత్త వ్రతం బయల్దేరింది. పాడుబడ్డ రైలుమార్గాలను వెతికి పట్టుకుని, వాటి వెంబడి సైకిల్ తొక్కుకుంటూ పోవడం దాని విధానం. శనివారం రాత్రే సైకిల్‌ను కారు వెనక కట్టి, రెండొందల పైచిలుకు కిలోమీటర్లు డీజిల్ కాల్చి, పర్యావరణానికి మేలు చేయడానికి భక్తులు బయల్దేరతారు. తెల్లారేసరికి ఏదో చిన్న స్టేషన్ ముందు దిగి, హెల్మెట్ పట్టీ బిగించి, తుప్పూ తుమ్మచెట్టూ పగిలిన ప్లాట్‌ఫారమూ ఒకే ఫొటోలో పడేలా నిలబడతారు. ‘కాలం ఇక్కడ ఆగిపోయింది’ అని కింద రాసి లోకానికి పంచుతారు. ఉద్యాపన దగ్గర్లోని టిఫిన్ సెంటర్లో జరుగుతుంది. వ్రతఫలంగా ఆ ఊరికి దక్కేది నాలుగు ప్లేట్ల పూరీ గిరాకీ. ఇలాంటి వాళ్లకు ఇల్లందు అచ్చంగా సరిపోయే క్షేత్రంలా కనబడుతుంది. అడవి అంచు, బొగ్గు గుట్టలు, నూట ముప్పై ఏళ్లు దాటిన రైలుదారి, ప్యాసింజర్ రాని స్టేషన్. కావలసిన సరుకంతా ఉంది. లోటల్లా ఒక్కటే. ఇల్లందు రైలుమార్గం పాడుబడలేదు.

పట్టా బతికుందో చచ్చిందో తెలుసుకోవడానికి అన్వేషణ అక్కర్లేదు, వంగి చూస్తే చాలు. రైలు తిరగని పట్టాకు నెత్తి మీద కూడా పక్కల్లాగే ఎర్రటి తుప్పు పేరుకుంటుంది. రైలు తిరిగే పట్టా పక్కలు ఎంత తుప్పు పట్టినా, పైన చక్రం ఒరిసిన మేర రెండు మూడు వేళ్ల వెడల్పున తళతళలాడుతుంది. ఇల్లందు కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటు (సీహెచ్‌పీ)లో బొగ్గు నింపుకున్న రేకు కారేపల్లి మీదుగా డోర్నకల్ వైపు సాగిపోయే దారి ఇది. రేకు అంటే యాభై ఎనిమిదో యాభై తొమ్మిదో వ్యాగన్లు, అన్నిట్లో కలిపి నాలుగు వేల టన్నుల దాకా బొగ్గు. అంత బరువు కింద పడి నలిగే ఇనుముకు ‘కాలం ఆగిపోయింది’ అని తోచే తీరిక ఉండదు. ఆగిపోయింది కాలం కాదు, టికెట్ల అమ్మకం. ఒకప్పుడు ఇదే దారిలో జనాన్ని ఎక్కించుకున్న ప్యాసింజర్ ఇప్పుడు లేదు. బొగ్గుకు మాత్రం రైలుంది. జనం బస్సెక్కి డోర్నకల్‌కో మహబూబాబాద్‌కో ఖమ్మానికో పోయి రైలందుకోవాలి. ఈ ఏర్పాటును చూసి రావలసింది కోపం. మన అన్వేషకులకు వస్తున్నది మాత్రం కవిత్వం.

నిజానికి ఈ దారి చరిత్ర తెలిస్తే కవిత్వం కొంచెం తగ్గుతుంది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని తేల్చాడు. ఇక్కడి బొగ్గు పొరల్లో ఒకదాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే కింగ్ సీమ్ అంటారు. 1886లో తవ్వకం హక్కులు ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికొచ్చాయి. నిజాం రైల్వే వాళ్లు 1888లో డోర్నకల్ నుంచి ఇల్లందుకు లైను వేశారు. బొగ్గు తవ్వకం మొదలైంది 1889లో. డోర్నకల్ నుంచి బెజవాడ దాకా లైను తెరిచిందీ ఆ 1889లోనే. అంటే మనుషుల్ని కృష్ణ ఒడ్డుకు చేర్చే ప్రధాన మార్గం కంటే ముందే బొగ్గును బయటికి చేర్చే కొమ్మ సిద్ధమైపోయింది. ఎవరి కోసం రైలొచ్చిందో ఆ తేదీలే చెబుతున్నాయి. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1927లో కారేపల్లి నుంచి కొత్తగూడేనికి మరో పాయ చీలింది. దాని చివరి స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టారు. రాములవారు అక్కడికి నలభై కిలోమీటర్ల అవతల, గోదావరి దాటాక ఉంటారు. (రైల్వే వారి భక్తి దూరం నుంచే!) ఈ మొత్తం కథలో ప్రయాణికుడు ఎప్పుడూ బొగ్గు వెంట వచ్చిన చుట్టమే. ఆ చుట్టాన్ని ఒకరోజు మర్యాదగా దించేశారు. దించేసిన వాణ్ని మరిచిపోయి, ఖాళీ ప్లాట్‌ఫారాన్ని చూసి మురిసిపోయేవాణ్ని చరిత్ర ప్రేమికుడు అనడం నావల్ల కాదు.

సైకిల్ మీద ఈ దారిని తొక్కడం అనే సాహసాన్ని కూడా కొంచెం పరిశీలించాలి. కిలోమీటరుకు పదిహేను వందలకు పైగా స్లీపర్లుంటాయి. రెండు అడుగులకొకటి చొప్పున సిమెంటు మెట్టు, మెట్టుకూ మెట్టుకూ మధ్య మొనదేలిన కంకర. దాని మీద ఎంత ఖరీదైన సైకిలైనా ఎక్కిన మనిషిని మోయదు, దిగిన మనిషే సైకిల్‌ను మోయాలి. అందుకే వీడియోల్లో తొక్కుతున్న ముక్క పది సెకన్లకు మించదు, ఆ తర్వాత డ్రోను అందుకుంటుంది. అదే దారిలో రోజూ కీమన్ నడుస్తాడు. భుజాన సుత్తి, చేతిలో పానా, సంచిలో ఎర్రజెండా. సడలిన బిగింపును కొడతాడు, పట్టా పగులు కోసం చూస్తాడు, ఎండలో కంకర మీద కిలోమీటర్ల కొద్దీ పోతాడు. ఆయన నడకను ఎవరూ అన్వేషణ అనలేదు, డ్యూటీ అన్నారు. పైగా 1989 నాటి రైల్వే చట్టంలో 147వ సెక్షనొకటి ఉంది. అనుమతి లేకుండా రైల్వే స్థలంలో చొరబడితే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. ప్యాసింజర్ రాని లైనుకు ఆ సెక్షన్ వర్తించదని ఎక్కడా రాయలేదు. పట్టా దాటి మేకలు తోలుకునే మనిషికి ఈ సంగతి తెలుసు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ప్రకృతిని వినే మనిషికే తెలియదు.

ఇక్కడ పెద్దమనుషులు ఒక ఆక్షేపణ లేవదీస్తారు. విదేశాల్లో పాత రైలుదారులను సైకిల్ బాటలుగా మార్చలేదా, మనం మారిస్తే తప్పేమిటి అని. మార్చారు, నిజమే. బ్రిటన్‌లో 1963 నాటి బీచింగ్ నివేదిక రెండు వేల మూడు వందలకు పైగా స్టేషన్లను మూసేయమంది. అలా పోయిన దారుల్లో కొన్ని తర్వాత సైకిల్ బాటలయ్యాయి. వాటిలో పేరుమోసింది బ్రిస్టల్–బాత్ బాట. దాని కథ ఇల్లందు వాళ్లు చదవదగ్గది. అక్కడ 1966లో ప్యాసింజర్లు ఆగాయి. బాత్ గ్యాస్ ఫ్యాక్టరీకి బొగ్గు మోసే రైళ్లు మాత్రం 1971 దాకా నడిచాయి. ఆ రైళ్లూ ఆగిపోయి, పట్టాలు తీసేశాక, 1979–86 మధ్య నేల చదును చేసి, వంతెనలు బాగుచేసి బాట వేశారు. బొగ్గు నడుస్తున్నన్నాళ్లూ దాన్ని ఎవరూ సైకిల్ బాట అనలేదు. అమెరికా వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. వాడని రైలుదారిని బాటగా ఇచ్చేటప్పుడే, రేపు రైలు కావాలంటే తిరిగి ఇచ్చేయాలని 1983లో చట్టంలో రాసుకున్నారు. అంటే వాళ్ల సైకిల్ బాట రైలుదారికి కాపలా మనిషి. మన వాళ్లు అడుగుతున్నది రైలు బతికుండగానే వారసత్వపు పంపకం. ఆ మాటకొస్తే బ్రిటన్ కూడా చేసిన పనికి చింతిస్తూనే ఉంది. ఎడిన్‌బరో నుంచి దక్షిణానికి పోయే మార్గాన్ని 1969లో మూసేసి, అందులో ఒక భాగాన్ని 2015లో మళ్లీ పట్టాలు వేసి తెరిచింది.

అంతదూరం ఎందుకు, కాకినాడ–కోటిపల్లి లైను సంగతి చూడండి. 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి 1940లో పట్టాలు ఊడదీసి పట్టుకుపోయారు. ఆ దారి అరవై ఏళ్లకు పైగా పట్టా లేకుండా పడి ఉంది. పాడుబడటమంటే అదీ! అయినా కోనసీమ జనం దాని వెంట విలపించలేదు, రైలే కావాలని అడిగారు. 2004లో దాదాపు 45 కిలోమీటర్ల మేర మళ్లీ లైను లేచింది. ఒడిశా సరిహద్దులో తెలుగువాళ్లు ఎక్కే నౌపడ–గుణుపూర్ చిన్న రైలును కూడా 2004లో ఆపేసి, గేజ్ మార్చి, 2011లో తిరిగి నడిపారు. పట్టాలే లేని చోట రైలొచ్చింది. పట్టాలు మెరుస్తున్న ఇల్లందుకు రాకూడదా? వస్తే నష్టమొస్తుందట, ఇది రెండో ఆక్షేపణ. దేశమంతటా సగటున ప్రతి టికెట్ మీద 46 శాతం రాయితీ ఇస్తున్నామని రైల్వే మంత్రే పార్లమెంటులో చెప్పారు. అంటే నష్టం అన్నది అన్ని ఊళ్లకూ ఉన్న జబ్బే. దానికి ఆపరేషన్ ఇల్లందుకే ఎందుకు చేశారన్నదే ప్రశ్న. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. రైల్వే కూడా కేంద్రానిదే. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల కొత్త లైనుకు సింగరేణి పెట్టుబడి పెట్టి మరీ బొగ్గు కోసం 2022కల్లా సిద్ధం చేయించుకుంది. బొగ్గు అడిగితే కొత్త దారి పుడుతుంది. మనుషులు అడిగితే ఉన్న దారిలో లెక్కలు అడ్డొస్తాయి.

పర్యాటకం వస్తే ఊరు బాగుపడదా అన్నది మూడో ఆక్షేపణ. బాగుపడుతుంది, పర్యాటకుడు ఊళ్లో దిగితే. సైకిల్‌నూ నీళ్ల బాటిళ్లనూ అరటిపళ్లనూ సొంత కారులో తెచ్చుకునేవాడితో ఊరికి పెద్దగా ఒరిగేదేమీ లేదు. పోనీ, సైకిల్ తొక్కడమంటే ఏమిటో చూపించి ఊరికి జ్ఞానోదయం కలిగిస్తున్నారా? ఇక్కడే అసలు నవ్వొస్తుంది. షిఫ్టుకు టిఫిన్ క్యారియర్ తగిలించుకుని సైకిల్ తొక్కిన కార్మికుల ఊరిది. ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన గుమ్మడి నర్సయ్య గారు సైకిల్ మీద తిరుగుతూ రాష్ట్రమంతా పేరు తెచ్చుకున్నది ఈ నియోజకవర్గం నుంచే. ఆయన జీవితం మీద సినిమా కూడా తలపెట్టారు. అలాంటి చోటికి వచ్చి సైకిల్ మహిమ చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లోనే తెరిచారు. వ్యాయామమే కావాలంటే అది చాలు. శిథిలాలే కావాలంటే మాత్రం, ఇల్లందు ఇంకా శిథిలం కాలేదు, దయచేసి తొందరపడకండి.

సైకిల్ మీద నాకు ద్వేషం లేదు. అడవి మీద ప్రేమ తప్పనీ అనను. కాకపోతే ‘వాడని రైలుమార్గం’ అన్న ముద్ర మీరు సరదాకు వేసినా, దాన్ని పనికి వాడుకునేవాళ్లు ఆఫీసుల్లో ఉంటారు. వాడటం లేదు గనక ప్యాసింజర్ అక్కర్లేదు, అక్కర్లేదు గనక వాడటం లేదు అని ఫైలు తిరుగుతుంటుంది. మీ ఫొటో ఆ ఫైలుకు సాక్ష్యంగా పనికొస్తుంది. కనుక సైకిల్ సంఘాల మిత్రులకు ఒక విన్నపం. వచ్చే ఆదివారం పట్టాల మీదికి దిగే బదులు ఒక తెల్లకాగితం తీసుకోండి. డోర్నకల్ నుంచి ఇల్లందుకు పొద్దున ఒక ప్యాసింజర్, సాయంత్రం ఒక ప్యాసింజర్ నడపాలనీ, అందులో సైకిళ్లను బ్రేక్ వ్యాన్‌లో బుక్ చేసుకోనివ్వాలనీ రాయండి. సంతకాలు పెట్టి డివిజనల్ రైల్వే మేనేజర్, సికింద్రాబాద్ అన్న చిరునామాకు పంపండి. రైలొచ్చాక కారు ఇంట్లో వదిలేసి, టికెట్ కొనుక్కుని, ఇల్లందులో దిగి, రోడ్డు మీద మీకు ఓపిక ఉన్నంత దూరం తొక్కండి.