‘అందరూ కలిసి చూసుకోండి’: టీకా తాత్పర్య సహితము

అవతారిక: శుక్రవారము సాయంసంధ్యవేళ, ఉద్యోగులు లాప్‌టాపులు సంచుల కెక్కించి క్యాబు కొఱకు మెడలు సాచి యుండగా, పదునొకండుగురు గల ఆఫీసు వాట్సాప్ గ్రూపునందు మేనేజరు ఈ క్రింది వాక్యద్వయమును వెలువరించుచున్నాడు.

మూలము: టీమ్, క్లయింట్ రిపోర్టు అందరూ కలిసి ఒకసారి చూసుకోండి. సోమవారానికల్లా అయిపోవాలి.

ప్రతిపదార్థము: టీమ్ = ఒకే ఎక్సెల్ షీటున పేర్లు గలవారలారా; క్లయింట్ రిపోర్టు = ఎవరును తెఱచి చూడని ఫైలును; అందరూ = (విశేషములలో చూడుడు); కలిసి = ఒకరి మొగము నొకరు చూచుచు; ఒకసారి = ఎన్నిమార్లైనను; చూసుకోండి = చేయుడు; సోమవారానికల్లా = శని, ఆదివారములయందు; అయిపోవాలి = ముగియవలయును.

కొన్ని ప్రతులలో ‘ప్లీజ్’ అను పాఠము కానవచ్చుచున్నది. అది హెచ్.ఆర్. వారి శిక్షణ పిమ్మట చేరిన ప్రక్షిప్తము.

తాత్పర్యము: పని యున్నది.

విశేషములు: ‘అందరూ’ అనుటచే పదిచేతులు పడి పని పదింతలగునని కొందఱి మతము. అది సాధువు కాదు. ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు రింగెల్మాన్ మనుష్యుల లాగుడు బలమును గూర్చి 1913లో ప్రకటించిన లెక్క ఇందుకు ప్రమాణము. ఒంటరిగా నూరుపాళ్లు పనిచేయువాడు ఇద్దఱిలో 93, మువ్వురిలో 85, ఎనమండుగురిలో 49 పాళ్లకు దిగెను. గణితప్రియులు ఇచ్చట ఆగవలెను. ఏడుగురున్నపుడు తలకు 56, మొత్తము 392. ఎనమండుగురున్నపుడు తలకు 49, మొత్తము 392. ఎనిమిదవవాడు వచ్చెను, అతనికొక కుర్చీ వేసిరి, బలము గోరంతయు పెరుగలేదు.

అందఱి లాగుళ్లు ఒకే క్షణమున కూడకపోవుటచే ఈ నష్టము గాని, ఇందు ఒళ్లు దాచుకొనుట లేదందురేని, వినుడు. 1974లో ఇంగ్‌హామ్ ప్రభృతులగు పరిశోధకులు ఒకని కన్నులకు గంతలు కట్టి తాడు ముందు నిలిపి, వెనుకవారిని లాగినట్లు నటింపుమనిరి. నిజముగా లాగువాడు ఒక్కడే. లయ తప్పుటకు రెండవ లాగుడే లేదు. అయినను వెనుక జనమున్నారను నమ్మిక చాలెను, వాని పట్టు సడలెను.

అట్లని గుంపునకు నీతి లేదనరాదు. దాని నీతి దానిది. చికాగో చెంత హాథోర్న్ ఫ్యాక్టరీలో 1931–32లో 14 మంది టెలిఫోను పరికరముల కార్మికులను వేఱొక గదిలో నుంచి పరిశీలించిరి. అందఱు కలిసి ఎంత ఎక్కువ చేసిన అంత కూలి యను ఏర్పాటుండెను. ఆ ఆశ వారిని కదల్పలేదు. రోజునకింత చాలునని తమలో తామే ఒక హద్దు గీచుకొనిరి; ఏ సర్క్యులరునందును లేని ఆ హద్దు అన్ని సర్క్యులర్లకంటె గట్టిగా నడచెను. దానిని మించి చేసినవానికి జబ్బమీద గుద్దు. మఱీ తగ్గినవానికి ఎత్తిపొడుపు. పైవారికి చేరవేసినవానిపై ఏవగింపు. (మన కాలమున గుద్దు లేదు. ‘ఏం బ్రో, ప్రమోషనా?’ అని కాఫీ మెషీను చెంత మెల్లగా అందురు. నొప్పి అంతియే.) సోమరులగుటచే వారు తక్కువ చేసిరనుట పైపై మాట. ఎక్కువ చేసినచో రేపు రేటు తగ్గింతురని, కొందఱిని తీసివేయుదురని వారి భయము. అది 1931వ సంవత్సరము గదా! అమెరికాయందు పనులు పోవుచున్న కాలము. ఆ భయము తప్పనుటకు ఈ వ్యాఖ్యాతకు నోరు రాదు.

వ్యాకరణాంశము: ‘చూసుకోండి’ అనుదానికి కర్త అందరూ. ‘అయిపోవాలి’ అనుదానికి కర్త రిపోర్టు. అనగా మనుష్యులు చూచుచుండగా రిపోర్టు తనంతట తానే అయిపోవలెనని వక్త ఆశయము. అన్వయదోషము లేదు.

ఇక ధ్వని. విద్యార్థులచే గుంపుగా అరిపించిన ప్రయోగములందు ఎవరి గొంతు వారిదిగా కొలతకు వచ్చునని చెప్పినచో గుంపువలన వచ్చు సడలింపు కనబడలేదని 1981లో తేల్చిరి. మందు ఇంత సులభమైనపుడు మేనేజరు ఒక్క పేరు చెప్పరాదా యని శంక. చెప్పినచో పని ఆ వ్యక్తిది, ఎంపిక తనది. రేపు క్లయింట్ మండిపడినచో ‘వారికెందు కిచ్చితివి?’ అని పైనుండి ప్రశ్న దిగును. కావున ‘అందరూ’ అను గొడుగు క్రింద మొదట తల దాచుకొన్నవాడు గొడుగు పట్టినవాడే. పూర్వవ్యాఖ్యాతలు క్రిందివారి సోమరితనముపై పుటలు నింపిరి గాని ఈ సంగతి విడిచిరి.

మూలము వెలువడిన రెండు నిమిషములలో పది బొటనవ్రేళ్లు ఉదయించినవి. సోమవారము ఉదయము తొమ్మిదిన్నరకు మూలకర్త మూడవ వాక్యము: ‘ఏమైంది?’ ఇందును మనుష్యకర్త లేడు.