పచ్చదనానికి పాస్ మార్కులు

మన కర్నూలు, కడపల్లో పర్యావరణ ప్రేమ అయిదేళ్లకోసారి కోతకొస్తుంది. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ బృందం వస్తోందంటే రాయలసీమ యూనివర్సిటీ అయినా, యోగి వేమన యూనివర్సిటీ అయినా, పక్క సందులో డిగ్రీ కాలేజీ అయినా ఏడో క్రైటీరియన్ ఫైలు తెరవాల్సిందే. ఇంకుడు గుంతలున్నాయా, ప్లాస్టిక్ నిషేధించారా, బండ్లను గేటు దగ్గరే ఆపుతున్నారా? జియోట్యాగ్ ఫొటో జతచేయాలి. అక్షాంశ రేఖాంశాలు కనబడాలి. గుంతలో నీళ్లు కనబడాలని ఎవరూ పట్టుబట్టరు, అదొక దయ.

ఇండోనేషియా యూనివర్సిటీ 2010లో మొదలుపెట్టిన గ్రీన్‌మెట్రిక్ ర్యాంకుల్లో నీటికి 10 శాతం మార్కులే పెట్టారు. వానల దేశం, వాళ్లకు చెల్లుతుంది. బిందె పట్టుకుని ట్యాంకరు వెనక నిలబడేవాళ్లను అడిగి ఉంటే లెక్క తిరగబడేది.

ఇప్పుడు భవనాలను వదిలేసి మనుషుల్నే కొలిచే ప్రశ్నావళులున్నాయి. ఫ్లోరియన్ కైజర్ అనే మనస్తత్వవేత్త 1998లోనే ఒక కొలబద్ద తయారుచేశాడు. పని ఎంత కష్టమైతే దానికంత బరువు. బయటికెళ్తూ లైటు ఆర్పడం ఒక ఎత్తు, కారు లేకుండా బతకడం ఇంకో ఎత్తు.

ఆ కాగితం మన ప్రొఫెసర్ గారి బల్ల మీదికి వచ్చిందనుకోండి. ఏ ప్రాంగణం అని అడక్కండి, ఈయన అన్నిచోట్లా ఉంటాడు. 2020 నుంచి ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది. సారు రిమోట్‌తో దాన్ని 18కి దించి, సన్మానాల్లో వచ్చిన శాలువా ఒకటి కప్పుకుని, 'కరెంటు పొదుపు చేస్తారా?' అన్న ప్రశ్నకు 'ఎల్లప్పుడూ' అని టిక్కు పెడతాడు. గని-శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉండగా మనకేం తక్కువ అంటాడు కూడా. జూన్ 5న ప్లాస్టిక్ వద్దని ఉపన్యసించేది ఆయనే. వెనక ఫ్లెక్సీ ఏంటి సార్ అంటే, "నిషేధం 100 మైక్రాన్ల లోపువాటికే నాయనా, ఇది దాటింది."

కార్మోస్, గిఫర్డ్ అనే పరిశోధకులు 2014లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూశారు. జనం నిజంగా చేసే పనుల్లోని తేడాల్లో, వాళ్లు చెప్పుకున్న మాటలు వివరించగలిగింది సుమారు 21 శాతమే. మన పరీక్షల్లో అయితే ఫెయిలు.

అదే ప్రాంగణంలో ఊడ్చే ఆమె షేరాటోలో వస్తుంది. స్టీలు గిన్నెలో సంగటి, ఊరిమిండి. సెమినార్ ముగిశాక సగం తాగి వదిలేసిన సీసాల్లో నీళ్లు చెట్ల మొదట్లో పోసి, సీసాలు పాతసామాన్ల కొట్టుకు ఇస్తుంది. కైజర్ కొలబద్ద మీద ఆమెదే మొదటి ర్యాంకు. కానీ కాగితం ఆమె దాకా రాలేదు. "మేము ఏజెన్సీ కింద కదా సార్, మమ్మల్నెవరడుగుతారు?" నిజమే, జీతం వేరే పద్దులోంచి వస్తే ఉద్యోగి కాదు. అలాగని ఆమెకు పచ్చ కిరీటం పెట్టి చేతులు దులుపుకోవడమూ మోసమే. లేక మానడం వేరు, ఉండి మానడం వేరు. మార్కులు వేయాల్సింది రెండోదానికి. అది చేసేవాడు ఇంకా ఫొటోకు దొరకలేదు.

కాబట్టి అధికారులకొక మనవి. ప్రశ్నావళి పక్కన పెట్టండి. ఒక్కో విభాగానికి ఒక్కో కరెంటు మీటరు, బోరు మోటారు నడిచిన గంటలు, కార్లకు పోసిన డీజిలు: ఈ మూడు లెక్కలు నెలనెలా నోటీసు బోర్డు మీద అంటించండి. మొదటి కాగితం వీసీ గారి ఛాంబర్‌ది అయితే మిగతావాళ్లు కిక్కురుమనరు.